తెగకమునుపే

వాక్యభాగము: కొలొస్సయులకు 3:12–15



మన పితరుల దినములలో సువార్తికులు ఎడ్లబండిమీద ఊరూరు తిరిగిరి. ఇరుసునకు కందెన ఆరిపోయినయెడల బండి తానే కిర్రుమని అరచి చెప్పెడిది. బండివాడు నిద్రమత్తులోనున్నను ఆ చప్పుడునకు లేచి కందెన పూయవలసినదే. నేడు మన సంఘముల బిడ్డలు కొందరు నల్లగొండనుండియు మహబూబ్‌నగరునుండియు అనుదినము కారులలో హైదరాబాదుకు పోయి వచ్చుచున్నారు. ఆ కారులలో కొన్నిటియందు తరచుగా అరవకయే అరిగిపోవు వస్తువొకటి కలదు. దానిని టైమింగ్ బెల్టు అందురు.

అది పండ్లుగల రబ్బరు పట్టీ. ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము షాఫ్టు సరిగా ఒక చుట్టు తిరుగునట్లు అది రెంటిని కట్టియుంచును. అనేక ఇంజనులలో పిస్టను పైకి వచ్చు చోటికే వాల్వు క్రిందికి దిగును. ఒకటి వచ్చునప్పుడు మరియొకటి తొలగవలెను. పట్టీ తెగెనా, వాల్వు దిగినచోటనే నిలిచిపోవును, పిస్టను వచ్చి దానిని గుద్దును. వాల్వులు వంగిపోవును. బెల్టు ఖర్చుకు వెనుదీసినవాడు ఇంజను విప్పించుకొనవలసి వచ్చును. ఇందులో పిస్టనుకు లోపము లేదు, వాల్వుకు లోపము లేదు. రెండును మంచివే.

నల్లగొండనుండి హైదరాబాదుకు పోను రాను ఇంచుమించు 200 కిలోమీటర్లు. నెలకు 25 దినములు పోయినయెడల 5,000, సంవత్సరమునకు 60,000. లక్ష కిలోమీటర్లకు మార్చవలసిన బెల్టుకు 20 నెలలలోనే గడువు తీరును. అతడేమో, “మొన్ననే గదా కొన్నాము” అనుకొనుచుండును. (గడువు కారు కారుకు వేరు, కొన్నిటికి బెల్టు లేదు, గొలుసు ఉండును. కారుతో ఇచ్చిన పుస్తకము చూచుకొనుడి. తిరుగక నిలిచియున్న కారులోనైనను రబ్బరు ఏండ్లు గడచిన కొలది ముదురునని మరువకుడి.)

2005లో మన దేశమునకు వచ్చిన ఇన్నోవా డీజిలు కారులలో ఆ గడువు నిండగానే ఒక దీపము వెలుగును. ఆ దీపము బెల్టును చూచి వెలుగదు, కిలోమీటర్లను మాత్రమే లెక్కించును. బెల్టు మార్చకయే దానిని ఆర్పివేయవచ్చును. “పంట చేతికి రానిమ్ము, అప్పుడు చూతము” అని ఆర్పించుకొనువారు లేకపోలేదు. గాయమును పైపైన మాన్పి సరిపెట్టినవారిని యిర్మీయా గద్దించెను (6:14). ఆ దీపమార్పు విద్య సంఘ సేవకులమైన మాకును తెలియనిది కాదు.

పౌలు కొలొస్సయి సంఘమునకు జాలి, దయ, వినయము, సహనము అన్నియు చెప్పి, వాటన్నిటిపైన ప్రేమను తొడుగుకొనుమనెను. అది అన్నిటిని కలిపి కట్టు బంధమని చెప్పెను. ఇంటిలో భర్త మంచివాడే, భార్య మంచిదే. అతడు కోడికూతకు బయలుదేరి పిల్లలు పండుకొనిన తరువాత వచ్చును. కుటుంబ ప్రార్థన మొదట ఆదివారమునకు జరిగెను, తరువాత పండుగకు జరిగెను. తగవు లేదు, అరుపు లేదు, గనుక అంతయు బాగున్నదనుకొందురు. ఒకనాడు బడి ఫీజు విషయమై చిన్న మాట వచ్చును. ఇద్దరు మంచివారును ఒకరినొకరు గుద్దుకొందురు. పెద్దలను పిలుచుట అప్పుడే.

కోపమునకు అపొస్తలుడు గడువు పెట్టినది సూర్యాస్తమయము (ఎఫెసీయులకు 4:26). కోపము ముదిరినప్పుడని అతడు వ్రాయలేదు. చిట్యాల చేరకమునుపే ప్రొద్దుగ్రుంకువాడు ఇల్లు చేరిన గడియనే సూర్యాస్తమయముగా ఎంచుకొనవలెను.

మా సంఘపు పెద్ద ఒకాయన అట్టి ఇంటికి వెళ్లెను. ఏ గొడవయు లేని దినముననే వెళ్లెను. భర్త కారు తుడుచుచుండెను. “బెల్టు మార్పించితివా, నాయనా?” అని అడిగెను. “మార్పించిన, అయ్యగారు. గడువుకు రెండు వేలు ముందే.” “మంచిది. అమ్మా, నీవును ఇటు రా. మీరిద్దరు కలిసి మోకరించి ఎన్ని దినములాయె?”

భార్య భర్తవైపు చూచెను. అతడు చేతిలోని గుడ్డ క్రింద పెట్టి, వ్రేళ్లమీద లెక్కించనారంభించెను.