అమ్మ రెక్క నొప్పి

జనగామలో హైదరాబాద్ రైలెక్కితే పెంబర్తి దాటాక ఆలేరు వస్తుంది. దాని దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే చేనేత బిడ్డ పుట్టారు. ఆరో తరగతితోనే ఆయన బడి ఆగిపోయింది.

పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో అటూ ఇటూ తిప్పడమే ఆ పని. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. మల్లేశం తల్లి లక్ష్మి రోజూ అదే పని చేసేది. భుజం, మోచెయ్యి నొప్పితో విలవిల్లాడేది.

మల్లేశం మగ్గాన్ని మార్చలేదు, చీర అందాన్నీ ముట్టుకోలేదు. అమ్మను నొప్పించే ఆ ఒక్క కదలికనే పట్టుకున్నారు. నా దృష్టిలో అసలు తెలివి అదే. ఏళ్ల తరబడి ప్రయత్నించి, అప్పుల్నీ ఊరి మాటల్నీ తట్టుకుని, 1999లో యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలారా! మిరప తోటలో వంగి కాయలు తెంపే పెద్దమ్మ పక్కన, బొగ్గుగని డ్యూటీ దిగి వచ్చిన నాన్న పక్కన ఇవాళ కాసేపు కూర్చోండి. కొత్త యంత్రానికి గీతలు గీసే ముందు, "ఎక్కడ నొస్తుంది?" అని అడగండి.