వేళ్ళ దగ్గరి లెక్క

చెట్టు పరోపకారి అని బళ్ళో వల్లె వేయించినవాళ్ళెవరూ దాన్ని వేళ్ళతో పెరికి చూసి ఉండరు. పండు, నీడ, కట్టె, పైనంతా ధర్మమే. కింద మాత్రం వడ్డీవ్యాపారి.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టోబీ కియర్స్, ఫోర్డ్ డెనిసన్ బృందం సోయా చిక్కుడు మీద చేసిన ప్రయోగం 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. వేరు బుడిపెల్లో కాపురముండే రైజోబియం గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి తిండి, ఊపిరి ఆడేంత ఆక్సిజన్ ఇస్తుంది. నత్రజని అందని బుడిపెల్లో బ్యాక్టీరియా సంతతి దాదాపు సగానికి పడిపోయింది. మొక్క ఆక్సిజన్ తగ్గించడమే కారణం కావచ్చన్నారు.

తమ్ముడికి డబ్బు పంపడం మానేసిన రోజుల్లో ఇది చదివాను. బోరుకని, మోటారుకని, మిరపతోటకని ఏళ్ళ తరబడి పంపాను. ఏదీ నిలబడలేదు. "వాడు నీ తోడబుట్టినవాడురా" అని అమ్మ ఫోనులో అంటే నోరు పెగిలేది కాదు. ఇదిగో, జవాబు దొరికింది. ప్రకృతే ఇలా చేస్తుంటే నాదేం పాపం? పెరట్లో పూతమీదున్న బొబ్బర మొక్కను పీకి, ఒక బుడిపెను గోటితో చిదిపాను. లోపల ఎర్రగా ఉంది. పనిచేసే బుడిపె రంగు అది, మన హిమోగ్లోబిన్ జాతి పదార్థం వల్లే వస్తుంది. రక్తసంబంధం అక్కడా ఉందన్నమాట!

కానీ ఒకటి మింగుడుపడదు. ఆ ప్రయోగంలో రైజోబియం సోమరిపోతు కాదు, నిక్షేపంగా పనిచేసే రకమే. శాస్త్రజ్ఞులే మామూలు గాలి తీసేసి ఆర్గాన్, ఆక్సిజన్ నింపారు. గాలిలో 78 శాతం ఉండే నత్రజని దానికి దొరకనే లేదు. ఇవ్వనివాడెవడో, ఇవ్వలేనివాడెవడో మొక్కకు తెలిసే దారి లేదు.

తమ్ముడి బోరులో నీళ్ళు పడలేదు. వాడు పేకాట ఆడతాడన్న మాటా అబద్ధం కాదు. ఏ రూపాయి ఎటు పోయిందో వాడికే తెలియకపోవచ్చు. నేను మొక్కను కాను, అడగగలను. అడిగాక వాడు చెప్పింది నమ్మాలా వద్దా అని మళ్ళీ లెక్కే వేసుకుంటాను. లెక్క చూడటం నీచమని ఇప్పటికీ అనను. ఆ లెక్కే లేకపోతే తేరగా తినే రైజోబియమే పెరిగిపోయి ఉండేదేమో.

డబ్బు మళ్ళీ పంపలేదు. అమ్మ ఆ మాట ఎత్తితే మొక్కల కబుర్లు చెప్పడం లేదు. పంపనమ్మా అనే అంటున్నాను.