తెలియదు అని చెప్పే ధైర్యం

మనకు తెలియనిది ఏదైనా కంటికి కనబడితే దాని గురించి ఏం చెప్పాలి? చూసింది చూసినట్టు చెప్పి ఆగాలా, లేక దానికో కారణం కూడా కల్పించి చెప్పాలా? చూడటానికి ఇది చిన్న ప్రశ్నే. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట విమానాల్లో తిరిగినవాళ్లకు ఇది ప్రాణాల మీదికి వచ్చిన ప్రశ్న.

1944 నవంబరులో అమెరికా సైన్యంలోని 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్ రైన్ నది లోయ మీద రాత్రి గస్తీ తిరుగుతూ ఉండేది. ఒక రాత్రి స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎడ్వర్డ్ ష్లూటర్ అనే పైలట్‌కీ, ఆయన విమానంలో ఉన్నవాళ్లకీ ఆకాశంలో వరసగా కొన్ని వెలుగులు కనిపించాయి. రాడార్‌లో మాత్రం ఏమీ పడలేదు. కిందికి దిగాక వాళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదట. ఎందుకంటే నవ్వుతారని భయం! శత్రువు తుపాకులకు ఎదురెళ్లే మనుషులు తోటివాళ్ల నవ్వుకు భయపడ్డారు. ఆ స్క్వాడ్రన్‌లో మరికొందరికి కూడా అలాంటి వెలుగులే కనబడ్డాక మాట బయటికి వచ్చింది. అప్పటి ఒక హాస్య బొమ్మల కథలో వచ్చే అర్థం లేని మాట ఒకటి పట్టుకుని వాటికి 'ఫూ ఫైటర్స్' అని పేరు పెట్టారు. 1945లో జపాన్ మీదికి వెళ్లిన బీ-29 బాంబర్ల సిబ్బంది కూడా నిప్పు బంతుల్లాంటివి చూశామని చెప్పారు.

అవేమిటి? జర్మనీవాళ్ల కొత్త ఆయుధం అని కొందరన్నారు. అప్పటికే లండన్ మీద వీ-2 రాకెట్లు పడుతున్నాయి కాబట్టి ఆ అనుమానం తప్పని అనలేం. కానీ యుద్ధం అయిపోయాక వెతికితే అలాంటి ఆయుధమేదీ దొరకలేదు. 1953లో అమెరికాలో రాబర్ట్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త అధ్యక్షతన ఒక కమిటీ కూర్చుంది. గాలిలోని విద్యుత్తు వల్ల పుట్టే వెలుగు కావచ్చు, మంచు కణాల మీద పడి తిరిగొచ్చిన కాంతి కావచ్చు అని చెప్పింది. 'కావచ్చు' దగ్గరే ఆగింది.

ఇప్పుడు ఇంకో వెలుగు సంగతి చూద్దాం. ఇంగ్లండు బాంబర్ల సిబ్బంది జర్మనీ మీద ఎగురుతున్నప్పుడు చీకట్లో ఉన్నట్టుండి పెద్ద మంట భగ్గుమనేది. అచ్చం ఒక విమానం పేలిపోయినట్టే ఉండేది. దానికి వాళ్ల దగ్గర ఒక వివరణ సిద్ధంగా ఉంది: అది నిజం విమానం కాదు, మనల్ని బెదిరించడానికి జర్మనులు పేల్చే ఉత్తుత్తి గుండు. దానికి 'స్కేర్‌క్రో' అని పేరు. అంటే మన పొలాల్లో నిలబెట్టే దిష్టిబొమ్మ అన్నమాట. యుద్ధం తర్వాత తేలిందేమిటంటే, జర్మనుల దగ్గర అలాంటి గుండే లేదు. వాళ్లు చూసినవి నిజంగా పేలిపోతున్న తమ విమానాలే. 1943 నుంచి జర్మన్ యుద్ధ విమానాలు చప్పుడు లేకుండా బాంబరు కిందికి చేరి, పైకి గురిపెట్టిన ఫిరంగులతో రెక్కల్లోని పెట్రోలు ట్యాంకులను కొట్టేవి. ఆ గుండ్లు దారి పొడుగునా మెరిసేవి కావు. అందుకే దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో పక్క విమానంవాళ్లకు తెలిసేది కాదు.

తాడును చూసి పాము అనుకోవడం అనే ఉదాహరణ మన పెద్దలు చెప్తుంటారు. చీకట్లో భయం వల్ల లేనిది ఉన్నట్టు తోస్తుంది. దిష్టిబొమ్మ కథ దానికి తలకిందులు. ఇక్కడ పామును చూసి తాడు అనుకున్నారు. భయం మనిషి చేత రెండూ చేయించగలదు. నాకైతే రెండోదే ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. తాడును పాము అనుకున్నవాడు ఉత్తపుణ్యానికి పరిగెత్తుతాడు, అంతే. పామును తాడు అనుకున్నవాడు దాని మీద కాలేస్తాడు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది. ఆ బాంబర్లలో ఉన్నవాళ్లు చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు. దాదాపు 1,25,000 మంది పనిచేస్తే 55,573 మంది చనిపోయారు. మర్నాడు మళ్లీ ఎగరాల్సిన పిల్లవాడికి ఆ అబద్ధం కొంచెం నిద్ర పట్టించి ఉంటే అది పాపమా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ నమ్మకం పెట్టుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. అయినా ఒక్కటి ఆలోచించాలి. పేలింది ఉత్తుత్తి గుండే అనుకున్నవాడు తన విమానం కింద ఏముందో అని ఎందుకు చూస్తాడు? 'ఏదో పేలింది, ఎందుకో తెలియదు' అనుకున్నవాడు మాత్రం నాలుగు వైపులా చూస్తాడు. తెలియదు అన్న మాట భయంగానే ఉంటుంది, కానీ కళ్లు తెరిపించే ఉంచుతుంది. అబద్ధపు వివరణ మనసును కుదుటపరుస్తూనే కళ్లు మూస్తుంది.

మనమూ ఇలాగే చేస్తుంటాం. రాత్రి పొలంలో వెలుగు కనబడితే తెలుగులో కొరివి దయ్యం అంటాం, పక్కింటి తమిళంవాళ్లు కొళ్ళివాయ్ పిశాచు అంటారు. పేరు పెట్టగానే సంగతి తెలిసిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి పేరు తప్ప ఇంకేమీ తెలియలేదు. 'దయ్యాలూ లేవు, ఏమీ లేవు, నీ కళ్లే బాగోలేవు' అనేవాడు కూడా వెలుగు ఏమిటో కనుక్కోలేదు. ఇద్దరూ తొందరపడ్డారు. క్లాసులో 'అర్థమైందా?' అని సారు అడిగితే అందరం తలలూపుతాం. అర్థం కానివాడు చెయ్యెత్తితే ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. ష్లూటర్ నోరు మూయించినదీ ఆ నవ్వే.

కాబట్టి ఈ విషయంలో బాధ్యత ఇద్దరిదీ అని నా అభిప్రాయం. చెప్పేవాడు చూసినదాన్నీ, ఊహించినదాన్నీ కలపకుండా వేరువేరుగా చెప్పాలి. ఏ రంగు, ఎంతసేపు, ఏ దిక్కున అన్నది ఒకటి. అది ఏమై ఉంటుందన్నది ఇంకొకటి. వినేవాడు నవ్వకుండా, వెంటనే నమ్మేయకుండా వినాలి. నవ్వు భయం లేని చోటే 'నాకు తెలియదు' అన్న మాట పైకి వస్తుంది. ఆ మాట పైకి వచ్చాకే ఎవరైనా వెతకడం మొదలుపెడతారు.