పరిగె ఎవరిది?



కోత అయిన పొలంలో రాలిన వెన్నులను మన పల్లెల్లో పరిగె అంటారు. ఆ పరిగెను యజమాని ఏరుకోరాదని, పొలం అంచుల దాకా కోయరాదని, దానిని పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయంలో ప్రభువు ఆజ్ఞాపించాడు. గమనించండి, ఇది దానం కాదు, చట్టం. పొలం యజమానిదే అయినా, పరిగె మాత్రం ఏనాడూ అతనిది కాదు.

ఏ కష్టమూ చేయని బాటసారికే పంటలో హక్కు ఉన్నప్పుడు, ఆ పొలాన్ని దున్ని, నాటి, నీరు పెట్టిన మనిషికి ఎంత హక్కు ఉండాలి?

సిద్దిపేట జిల్లాలోని ములుగునే తీసుకుందాం. ఒంటిమామిడి కూరగాయల మార్కెట్టు, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న మండలమిది. రాజీవ్ రహదారి మీద పట్నానికి దగ్గర. ఇటువంటి చోట భూమి కొన్నవారు ఒకరు, దున్నేవారు మరొకరు కావడం వింత కాదు.

2018 మే 10న తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పథకాన్ని ప్రారంభించింది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, తరువాత 5,000 ఇచ్చింది. విత్తనాలకూ ఎరువులకూ వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కే అవసరం తప్పించాలన్నది దాని ఉద్దేశం. ఎందరో చిన్న రైతులకు అది ఆదుకున్న చెయ్యి. దానిని తక్కువ చేయరాదు. అయితే ఆ డబ్బు పట్టా వెంట నడిచింది, నాగలి వెంట నడవలేదు. కౌలు రైతుకు అందలేదు. 2025 జనవరి 26న రైతు భరోసా వచ్చింది. ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. అదీ పట్టాదారు ఖాతాకే. భూమి లేని కూలి కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరిట వేరే సాయం ప్రకటించారు. కౌలుదారు మాత్రం రెంటి నడుమా నిలబడిపోయాడు.

లెక్క చూడండి. పట్నంలో ఉండే యజమానికి నాలుగు ఎకరాలు ఉన్నాయనుకుందాం. ఏడాదికి 48,000 రూపాయలు ఆయన ఖాతాలో పడతాయి. కౌలు కూడా ఆయనకే ముడుతుంది. వాన తప్పితే అప్పు ఎవరిది? కౌలుదారుది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే రైతు బీమా కూడా 2018లో పట్టా ఉన్నవారికే వచ్చింది. ఒకే చేనుగట్టు మీద పోయిన ఇద్దరిలో ఒకరి భార్యకు ఆసరా ఉంది, మరొకరి భార్యకు లేదు.

కష్టపడే సేద్యగానికే పంటలో మొదటి భాగం దక్కాలని పునీత పౌలుగారు తిమోతికి వ్రాశారు. మనం ఆ మాట చదువుతాం, ఆమెన్ అంటాం. పొలం కాగితాల దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాం.

“చట్టం అలా ఉంది, నేనేం చేయను?” అంటారా? రూతు గ్రంథంలోని బోవసును చూడండి. రూతును పరిగె ఏరుకోనివ్వడం చట్టం. ఆమె కోసం పనల్లోనుండి వెన్నులు కావాలనే రాల్చమని పనివారికి చెప్పడం చట్టంలో లేదు. అది అతని హృదయంలో ఉంది.

కనుక ప్రియ పాఠకులారా, మీ పేరిట భూమి ఉండి మరొకరు సాగు చేస్తుంటే, భరోసా డబ్బు పడిన రోజున అతనికి చెప్పండి. ఆ మేరకు కౌలు తగ్గించండి. పంట పోయిన ఏడు కౌలు కోసం పీడించకండి. ధాన్యం మీ పాసుపుస్తకం మీద అమ్మితే, ఆ సొమ్ము ఆలస్యం లేకుండా అతని చేతిలో పెట్టండి. మన సంస్థలు భూమిని కౌలుకు ఇచ్చినచోట కూడా ఇదే నియమం. బోధించేవారు ముందు ఆచరించాలి.

ప్రభుత్వ ఉత్తర్వు మారేదాకా కౌలుదారు పిల్లల ఆకలి ఆగదు. మన మనసు మారడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. ఈ ఆదివారం అర్పణ పళ్లెంలో కానుక వేసే ముందు, మన చేతిలో ఉన్న పరిగె ఎవరిదో ఒక్కసారి ఆలోచిద్దాం.

పొలాలకు వానను, మన హృదయాలకు న్యాయాన్ని ప్రభువు దయచేయును గాక. ఆమెన్.