జేబు ఒక్కటే అల్లుడా

అల్లుడా, నీ చాకుల గురించి మాట్లాడాలి. కోప్పడటానికి కాదు. చాకుల మీద నీకున్న ఇష్టం చెడ్డదని నేను ఎన్నడూ అనను. బొంతపల్లి షెడ్లలో ఫిట్టర్‌గా చేతులు అరగదీసుకున్నవాణ్ణి, మంచి ఉక్కు చేతిలో పడితే కలిగే సంతోషం ఏమిటో నాకు తెలుసు. బ్లేడు తెరుచుకుని తన చోట్లో టక్కుమని నిలబడటం, పిడి అరచేతిలో ఒదిగిపోవడం, పిన్ను దగ్గర వెంట్రుక మందం కూడా వదులు లేకపోవడం, ఇవన్నీ పనివాడి కంటికి అందమే. ఆ కన్ను నీకుంది. అది లేనివాడైతే చాకులు మానెయ్యి అని ఒక్క మాట చెప్పి ఊరుకునేవాణ్ణి. నీకు అలా చెప్పలేను.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు మా చెల్లె, అంటే మీ అమ్మ, "వానికి ఏమైందన్నా, పార్సిల్ రాని వారం లేదు" అన్నది. నీ భార్య ఏమీ అనలేదు. బీరువా తలుపు తీసి చూపించి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ బిడ్డ నోరు తెరవకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

కింది అరలో ముప్పైకి పైనే ఉన్నాయి. సగం అట్టపెట్టెల్లోంచి బయటికే రాలేదు. రెండింటికి సీలు కూడా తియ్యలేదు. ఒకే చాకు నల్ల పిడితో ఒకటి, ఆకుపచ్చ పిడితో ఒకటి, చెక్క పిడితో ఒకటి. తోలు ఒరలో ఉన్నదాన్ని బయటికి లాగి వెలుతురులో పెట్టి చూశాను. బ్లేడు మీద, పిడికి దగ్గరగా, గోధుమరంగు చుక్కలు. గోరు పెట్టి గీకితే పోలేదు. గుంటలు పడ్డాయి. అది నువ్వు అన్నిటికంటే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న చాకు అనుకుంటాను.

ఎందుకలా అయిందో చెప్తా విను. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. తోలు ఊనేటప్పుడు వాడిన రసాయనాలు కొంత అందులోనే మిగిలి ఉంటాయి. చాకును ఒరలో పెట్టి నడుముకు తగిలించుకుని తిరగొచ్చు గానీ, నెలల తరబడి అందులోనే దాచకూడదు. స్టెయిన్‌లెస్ కదా అంటావేమో. ఉక్కులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే పైన కంటికి కనిపించని పొర ఒకటి ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది, నిజమే. కానీ చాకు ఉక్కు గట్టిగా ఉండాలని అందులో కార్బన్ ఎక్కువ కలుపుతారు. ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనతో కట్టేసుకుంటుంది. అందుకే మీ ఇంట్లో స్టీలు గ్లాసుకు పట్టని తుప్పు చాకుకు పట్టింది. రోజూ వాడేవాడు రోజూ తుడుస్తాడు, పిన్ను దగ్గర చుక్క నూనె వేస్తాడు. ముప్పై చాకులను రోజూ తుడిచే తీరిక ఎవరికుంటుంది? రెండో షిఫ్టు చేసి రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చే నీకు అసలే ఉండదు. ఇష్టంగా కొన్నదానికి నువ్వే కాపలా కాయలేకపోతున్నావు. నాకు కనబడుతున్న అసలు సంగతి ఇది.

ఇంకో సంగతి కూడా నీకు తెలిసే ఉంటుంది, పైకి అని ఉండవు. నువ్వు పనిచేసేది మందుల కంపెనీలో. ప్రొడక్షన్ ఏరియాలోకి పోయేటప్పుడు వేసుకునే గౌనుకు జేబే ఉండదు. ఏ చిన్న వస్తువూ జారి మందులో పడకూడదని అలా కుడతారు. సాల్వెంట్ ఉన్న చోట నిప్పురవ్వ రాని రాగి మిశ్రమం పనిముట్లే తప్ప ఉక్కు చాకు బయటికి తియ్యకూడదు. డ్రమ్ములో లైనర్ కోయడానికి కంపెనీ కట్టర్ ఇస్తుంది. అంటే రోజులో ఎక్కువ భాగం నీకు చాకు పని లేదు, పెట్టుకోవడానికి జేబు కూడా లేదు. మిగిలిన వేళల్లో ప్యాంటుకు ఉన్న జేబులో ఒక చాకు పడుతుంది. రెండోది పెడితే నడవడానికే ఇబ్బంది.

మన ఊళ్లో గీత పనివాళ్లను చూడు. మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కేవాళ్ల దగ్గర ఒకటికి మించే కత్తులుంటాయి. మట్టలు కొట్టేది వేరు, గెలను పల్చగా చెక్కేది వేరు. రెండో కత్తి ఎందుకని వాళ్లను ఎవరూ అడగరు. గెల చెక్కే కత్తి మొద్దుబారితే కల్లు సరిగా కారదు, ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే చెట్టెక్కే ముందు తప్పకుండా నూరుకుంటారు. ఎన్ని కత్తులున్నా ప్రతిదానికీ ఒక పని ఉంది. నీ ముప్పైలో ఏ చాకు ఏ పనికో నాకు చెప్పు. పని చెప్పగలిగినవన్నీ ఉంచుకో, నాకు అభ్యంతరం లేదు.

అడగబోతే నువ్వు సాలార్‌జంగ్ పేరు ఎత్తుతావు. ఇదివరకు ఒకసారి ఎత్తావు కూడా. సరే, ఆయన సంగతే చూద్దాం. మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1912 నుంచి 1914 దాకా నిజాం దగ్గర దివాన్‌గా ఉన్నాడు. ఆ కొలువు వదిలాక జీవితమంతా వస్తువులు సేకరించాడు. గడియారాలు, చేతికర్రలు, దంతపు బొమ్మలు, కత్తులు, పింగాణీ, పుస్తకాలు, ఆయన కొననిది లేదు. దేశదేశాల వర్తకులు ఆయన దేవిడీకి వచ్చేవారు. 1949 మార్చిలో పోయాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. వస్తువులన్నీ సర్ది దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా పెడితే 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అదంతా మనకు మిగిలిన గొప్ప ఆస్తి, ఆయనకు దండం పెట్టాలి. కానీ ఆయనకు జాగీర్లు ఉన్నాయి అల్లుడా. తెచ్చిన ప్రతి వస్తువునూ చూసుకోవడానికి నౌకర్లు ఉన్నారు. ఈఎంఐ కట్టడానికి ఓవర్‌టైం చెయ్యలేదు. ఒకటో తారీఖున బడి ఫీజు, పాల లెక్క, గ్యాస్ బండ చూసుకునే ఇల్లాలు ఆయన ఇంట్లో లేదు.

ఆ మ్యూజియంలో జేడ్ రాతి వస్తువులు పెట్టిన గదికి నిన్ను చిన్నప్పుడు తీసుకెళ్లాను, గుర్తుందా? అందులో నూర్జహాన్‌ది అని చెప్పే పండ్ల చాకు ఉంది. మణులు పొదిగిన చాకు. రాణి చేతిలో ఉన్నన్నాళ్లూ అది పండు కోసే ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. ఇప్పుడు అద్దం వెనక అది నగ. పండు కోయడానికి చేసిన వస్తువుతో పండు కోయకుండా దాచిపెట్టే పని మ్యూజియానికి చెల్లుతుంది. మూడు వందల గజాల్లో కట్టుకున్న ఇంట్లో, పిల్లాడి మోకాలి ఎత్తులో ఉన్న బీరువా అరకు చెల్లదు. ఆ అరకు తాళం లేదు, చూసుకున్నావా? నీ కొడుక్కి ఇప్పుడు తలుపులు తీయడం వచ్చు.

నువ్వు కొత్తగా 'డమాస్కస్' అంటూ మోజు పడ్డావట. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి కదా, అవి. ఇప్పుడు అమ్మే వాటిలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు పట్టీలను పొరలు పొరలుగా పెట్టి, కాల్చి, కొట్టి అతికించినవి. ఆ తర్వాత యాసిడ్‌లో ముంచితే గీతలు తేలుతాయి. చౌక రకాల్లో అయితే మామూలు ఉక్కు మీద లేజర్‌తో గీసిన బొమ్మ మాత్రమే ఉంటుంది, సానబడితే ఆ చోట చెరిగిపోతుంది. పాతకాలంలో ఆ పేరు తెచ్చిన కత్తుల ఉక్కు వేరు. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూసేసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి తీసిన ఉక్కు ముద్ద అది. ఆ గీత ఉక్కు లోపలి నుంచే వస్తుంది. అలాంటి ఉక్కు చేసిన ఊళ్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. వోయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ కొలుములను చూసి రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నీకు ఆ ఉక్కు మీద అంత మక్కువ ఉంటే నాలుగు గంటలు ప్రయాణం చేసి కోనసముద్రం పోదాం. ఆ నేలను చూడు, కమ్మరివాళ్లతో మాట్లాడు. ఇంకో పార్సిల్ కంటే అది నీకు ఎక్కువ ఇస్తుంది, నమ్ము.

పార్సిల్ అన్నాను గనుక ఒక మాట. నీకు నిజంగా ఉత్సాహం ఎప్పుడుంటుందో గమనించావా? ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి నర్సాపూర్ రోడ్డు మీద డెలివరీ కుర్రాడి బండి ఆగేదాకా. ఫోనులో ఎక్కడిదాకా వచ్చిందో పదిసార్లు చూస్తావు. విప్పాక ఒక పూట తిప్పి చూస్తావు. మర్నాడు మళ్లీ కొత్తది వెతుకుతావు. కావాలనిపించడం ఒకటి, దొరికాక సంతోషించడం ఇంకొకటి, మెదడులో ఈ రెండూ ఒకే దారిన నడవవని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే ఆచార్యుడు ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పాడు. డోపమైన్ ముఖ్యంగా ఆ మొదటిదాన్నే ఎగదోస్తుందట. ఇష్టం తగ్గిపోయినా కావాలన్న తహతహ మాత్రం పెరుగుతూ పోవచ్చు. నీకు జబ్బని ముద్ర వెయ్యడం లేదు. కానీ రెండు పనులు నువ్వు మొదలుపెట్టావని విన్నా, అవి నాకు నచ్చలేదు. పార్సిల్‌ను కంపెనీ అడ్రసుకు తెప్పించుకుని ఇంట్లో దాచడం ఒకటి. చాకు కోసం దోస్తు దగ్గర అప్పు చెయ్యడం రెండోది. ఇవి ఆపాలనుకుని కూడా ఆపలేకపోతే నాతో చెప్పు. నాతో చెప్పడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సిన పని కాదు.

ఈ మధ్య పెద్ద ఖుక్రీ కత్తి ఒకటి చూస్తున్నావట, దాని జోలికి పోకు. వంటకో, వ్యవసాయానికో, ఫ్యాక్టరీ పనికో చేసినవి కాక, బ్లేడు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితే ఆయుధాల నిబంధనల కింద లెక్కిస్తారు. అందులో ఖుక్రీ పేరు పెట్టే రాశారు. దసరాకు పూజలో పెట్టుకుంటా అంటావేమో. మనం ఆయుధ పూజ చేసేది మన చేతికి అన్నం పెట్టే పనిముట్టుకు. నేను నా స్పానర్లకు, ఫైళ్లకు బొట్టు పెట్టాను. నువ్వు రోజూ వాడే చాకు ఒకటి ఉంటే దానికి పెట్టు.

స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1897 జూన్ 12న రిజిస్టర్ చేయించిన ఆఫీసర్ల చాకు నీ దగ్గర ఉంది, ఎర్ర పిడిది. ఒక మనిషి జేబులో ఒక్కటే చాకు ఉండాలి, అన్ని పనులూ దానితోనే కావాలి అన్న ఆలోచనతో పుట్టిన వస్తువు అది. దాన్ని ఉంచుకో. ఇంట్లోకి పండ్లు, కూరలకు ఒకటి ఉంచు. పొలానికి పోయినప్పుడు తాడు, మొక్కజొన్న కంకి కోయడానికి ఇంకొకటి, కొంచెం మొరటుది. బాగా మనసుపడ్డవి రెండు మూడు ఉంటే అవీ ఉంచుకో, వట్టి ఇష్టం కోసమే అయినా సరే. మనిషికి ఆ మాత్రం ఉండాలి. మిగిలినవాటిలో సీలు తియ్యనివి వెనక్కి పంపే వీలుంటే పంపు, లేదంటే అమ్మి అప్పు తీర్చు. కొన్ని పనిచేసే చేతులకు ఇవ్వు. మన తోటలో సీతాఫలాలు కోసే అబ్బాయికి ఒకటి, కరెంటు పని చేసే మీ దోస్తుకు ఒకటి. ఇచ్చేటప్పుడు చేతికి ఇవ్వకు, కింద పెట్టు, వాళ్లు తీసుకుంటారు. మీ అమ్మమ్మ నేర్పిన మర్యాద అది.

కొత్తది కొనాలనిపిస్తే నిన్ను కొనవద్దనను. ముందు ఇంట్లో ఉన్నవాటిలో ఒకదాన్ని బయటికి తీసి నూరు. ఆయిల్‌స్టోన్ మీద రెండు చుక్కల నూనె వేసి, బ్లేడును సుమారు ఇరవై డిగ్రీల వాలులో పట్టుకుని, మొదలు నుంచి మొన దాకా ఒకే ఒత్తిడితో లాగు. అవతలి వైపు వేలికి సన్నగా బర్, అంటే అంచున మడతపడ్డ ఉక్కు గరుకు, తగిలితే అప్పుడు తిప్పు. తొందరపడి తిప్పితే పదును రాదు. రెండు వైపులా అయ్యాక తోలు పట్టీ మీద వెనక్కి లాగి ఆ బర్ తీసెయ్యి. పాత పేపరు నిలువుగా పట్టుకుని కోసి చూడు, చిరగకుండా తెగాలి. అంతా సరిగా చేస్తే అరగంట పడుతుంది. ఆ అరగంట తర్వాత కూడా కొత్తది కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

వచ్చే ఆదివారం నీకు వీక్లీ ఆఫ్ ఉందని మా చెల్లె చెప్పింది. ఆ చాకులన్నీ బండి మీద పెట్టుకుని పొద్దున్నే రా, ఆ బిడ్డనూ పిల్లాణ్ణీ కూడా తీసుకురా. ఆయిల్‌స్టోన్లు, నూనె డబ్బా, పాత గుడ్డలు నేను సిద్ధం చేసి ఉంచుతా. నీ ఫోనులో కార్టులో పెట్టి ఉంచినది అప్పటిదాకా ఆర్డర్ చెయ్యకు.