రెండో గడప

హోసూరు నుంచి చెన్నైకి కాలేజీ చదువుకు వెళ్లిన మా అన్న కూతురు సెలవులకు వచ్చి ఒక ధర్మసందేహం అడిగింది. "పదేళ్లు నాట్యం నేర్పిన టీచరు ఇక్కడుండగా, అక్కడ ఇంకొకరి దగ్గర అభినయం నేర్చుకుంటే గురుద్రోహం కాదా, చిన్నాన్నా?"

బాలసరస్వతి (1918–1984) సంగతి చెప్పాను. ఆమెకు నాట్యగురువు కందప్ప పిళ్లై. అభినయం మైలాపూరు గౌరి అమ్మాళ్, చిన్నయ్య నాయుడు గార్ల దగ్గర కూడా నేర్చుకుంది. సంగీతం తల్లి జయమ్మాళ్ దగ్గర అబ్బింది. అంతమాత్రాన ఆమె కందప్ప శిష్యురాలు కాకుండా పోలేదు.

అన్నీ ఒక్కరే నేర్పాలనుకోవడం భక్తి కాదు. ఆ గురువు మీద మోయలేని బరువు పెట్టడం. రెండో గడప తొక్కడం ద్రోహం కాదు. మొదటి గడపలో చెప్పకుండా తొక్కడమే ద్రోహం.

"చెబితే టీచరు నొచ్చుకుంటే?"

నొచ్చుకోవచ్చు. రేపు వేరేవాళ్ల నోట వింటే ఇంకా నొచ్చుకుంటారు. ఆ మాట నువ్వే చెప్పాలి, కాళ్లకు దండం పెట్టి చెప్పాలి అన్నాను.

వెళ్తూ ఇంకో మాట చెప్పింది. చెన్నై టీచరుకు తెలుగు రాదట. క్షేత్రయ్య పదంలో ఒక మాట దగ్గర ఆవిడ ఆగిపోతే, ఈ పిల్ల మా అమ్మకు ఫోన్ చేసి అర్థం కనుక్కొని చెప్పిందట. ఆ రోజు ఆవిడ కూడా కాసేపు శిష్యురాలే. మా ఇంటి మాట ఆమెకు గురుదక్షిణ అయింది.