కాటాకు దిష్టి

దామలచెరువులో ఒక మామిడి మండీ ఉండేది. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు దిగకముందే, పొద్దున్నే ఎలక్ట్రానిక్ కాటాను పరీక్షించి తీరాలని షావుకారు కట్టడి చేశాడు. తూనికలు కొలతల శాఖ ముద్ర పడిన 20 కిలోల రాయి ఉంది. కుర్రోడు ఒకసారి, గుమాస్తా ఒకసారి తూచి చూసి పుస్తకంలో టిక్కు పెట్టాలి.

కుర్రోడు ఖాళీ క్రేటు కాటా మీద పెట్టి ‘టేర్’ నొక్కేవాడు. క్రేటు బరువు 2 కిలోలు పోయి సున్నా పడేది. అందులో రాయి పెడితే సరిగ్గా 20. టిక్కు పెట్టి, క్రేటూ రాయీ దించేసి టీకి పోయేవాడు. తర్వాత గుమాస్తా వచ్చి ఉత్త రాయి పెడితే 18 చూపించేది.

“కాటా చెడిపోయింది సామీ” అన్నాడు గుమాస్తా. మెకానిక్ వచ్చి ఆపి మళ్లీ వేశాడు. 20 వచ్చింది. డబ్బులు తీసుకుని పోయాడు. మర్నాడు గుమాస్తా ముందొచ్చాడు, ఇద్దరికీ 20. ఆ మర్నాడు కుర్రోడు ముందొచ్చాడు, మళ్లీ 18. మనిషిని బట్టి తూకం మారుతోందంటే దిష్టే అనుకుని షావుకారు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. కాటా మీద కాకుండా పక్క గుంజకు కట్టారు, అంతవరకు నయం.

మండీ ఊడ్చే అవ్వ ఒకరోజు చీపురు ఆపింది. “ఏం నాయినా, పైన ఏమీ లేదు గదా, రెండు ముందర అడ్డగీత పెట్టుకోనుండాదే, అదేంది?”

కుర్రోడు చూశాడు. మైనస్ 2. క్రేటు దించాడు గానీ క్రేటు లెక్క కాటాలోనే ఉండిపోయింది.

“పరీక్ష చేసుకో, వద్దనలా. పోయేటప్పుడు ఎట్లుండేదో అట్ల పెట్టి పో” అనింది అవ్వ.

షావుకారుకు చెమట పట్టింది. గుమాస్తా పరీక్షే లేకుంటే, కుర్రోడి టిక్కును నమ్మి, క్రేటు లేకుండా తూచిన ప్రతిసారీ రైతుకు 2 కిలోలు కోసేవాళ్లు.

నీతి: ఫెయిలైన పరీక్షను తిట్టేముందు, దానికి ముందు నడిచిన పరీక్ష ఏం వదిలిపోయిందో చూడాలి.

తిరుపతిలో కూర్చుని వెబ్ సర్వర్లకు ఆటోమేటెడ్ టెస్టులు రాసే పిల్లలకే ఈ కథ. లాడ్జి గదులు బుక్ చేసే సైటే అనుకోండి. ఒక టెస్టు మెయింటెనెన్స్ సెట్టింగు ఆన్ చేసి, 503 వస్తోందో లేదో చూసి, ఆఫ్ చేయకుండా పోతుంది. తర్వాతి బుకింగ్ టెస్టు ఫెయిల్. దాన్ని ఒక్కదాన్నే నడిపితే పాస్. మనమూ సర్వర్ రీస్టార్ట్ చేసి, రీరన్ కొట్టి, బిల్డ్ పచ్చగా కనబడగానే ఇంటికి పోతాం. మిరపకాయలు కట్టడం ఒక్కటే తక్కువ.

చివర్లో ఆఫ్ చేసే లైను రాస్తే చాలదు. టెస్టు మధ్యలోనే ఫెయిలైతే ఆ లైను దాకా రాదు. జాంగోలో ఓవర్‌రైడ్ సెట్టింగ్స్, పైటెస్ట్‌లో మంకీప్యాచ్ ఉన్నది ఇందుకే: టెస్టు పాసైనా ఫెయిలైనా పాత విలువ తిరిగొస్తుంది. సర్వర్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంటే మాత్రం ఇవి దాని దాకా చేరవు. అప్పుడు సొంత కాన్ఫిగ్ ఫైలుతో కొత్త సర్వర్ లేపుకోవాలి. పోర్టు 8080 అని రాసిపెట్టకుండా 0 ఇస్తే, ఖాళీగా ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమే చూసి ఇస్తుంది.

ఈ వారం ఒక్కసారి మీ టెస్టుల వరస తారుమారు చేసి నడిపి చూడండి.